రేవు దాటితేనే ఆసుపత్రి

మా తమ్ముడికి కిరసనాయిలు వాసన ఇప్పటికీ పడదు. ఆ రోజు సంగతి వాడికి గుర్తుండే అవకాశమే లేదు, అప్పటికి వాడికి రెండున్నరేళ్ళు. గుర్తున్నది నాకు. నాకు ఏడేళ్ళు. వాణ్ణి కాస్త చూస్తూ ఉండమని అమ్మ చెప్పింది నాకే.

1981, కార్తీక మాసం, సోమవారం. మాది కోనసీమలో ముక్తేశ్వరం రేవుకి మైలు దూరంలో ఉన్న ఊరు. ఏటిగట్టు ఎక్కితే ఎదురుగా గౌతమి, అవతలి ఒడ్డున కోటిపల్లి. కార్తీక సోమవారం వచ్చిందంటే కోటిపల్లిలో సోమేశ్వరస్వామి దర్శనానికీ, గోదారి స్నానాలకీ ఎక్కడెక్కడి జనమో వచ్చేవారు. ఆ రోజు అమ్మ ఉపవాసం. నక్షత్రం చూసి, దీపం పెట్టుకున్నాక గానీ ఏమీ ముట్టేది కాదు.

సాయంత్రం వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని మామ్మ లాంతర్లు సిద్ధం చేస్తోంది. కరెంటు ఉన్నా సరిగ్గా అన్నాల వేళకి పోయేది, అందుకని చిమ్నీలు ముగ్గుపిండితో తోమి, వత్తులు కత్తిరించి, కిరసనాయిలు పోసి పెట్టుకోవడం రోజూ ఉన్న పనే. రేషను షాపులో డబ్బాతో తెచ్చుకున్న కిరసనాయిల్ని వాడకానికి ఒక పాత కూల్‌డ్రింకు సీసాలో పోసుకునేవాళ్ళం. దాని మూతికి బిరడాలా కొబ్బరి పీచు ఉండ. చూడ్డానికి అచ్చం మంచినీళ్ళ సీసాలాగే ఉండేది. మామ్మ రెండు లాంతర్లు నింపి, మూడోది తేవడానికి వసారాలోకి వెళ్ళింది. సీసా గుమ్మం పక్కనే నేల మీద ఉంది.

నేను పెరట్లో అరటి దొప్పలు వలుస్తున్నాను, తెల్లవారుజామున కాలువలో దీపాలు వదలడానికి. అరటి బోదె పైపొర చిరక్కుండా ఊడదీయాలంటే గోరుతో అంచు పట్టుకుని మెల్లిగా, ఒకే ఊపున లాగాలి. అప్పటికి రెండు చిరిగిపోయాయి. మూడోది బాగా వస్తోంది. ఆ ధ్యాసలో తమ్ముడు నా పక్కన లేడన్న సంగతే మరిచిపోయాను.

ముందు ఏడుపు వినపడలేదు. దగ్గు వినపడింది. పొలమారినట్టు మొదలై, ఆగకుండా, ఒక దగ్గు మీద ఇంకో దగ్గు. వెళ్ళి చూస్తే గుమ్మం దగ్గర వాడు కూర్చుని ఉన్నాడు, చొక్కా ముందు భాగమంతా తడిసి ఉంది, సీసా దొర్లిపోయి గచ్చు మీద కిరసనాయిలు పారుతోంది. వాడి కళ్ళు నావైపే చూస్తున్నాయి గానీ ఏడవడానికి ఊపిరి అందడం లేదు.

ఇంట్లో ఒక్కసారిగా కేకలు. పక్కింటి వాళ్ళొచ్చారు, ఎదురింటి వాళ్ళొచ్చారు. మామ్మ గ్లాసుడు నీళ్ళలో గుప్పెడు ఉప్పు కలిపి తెచ్చి, "తాగించండర్రా, కక్కేస్తాడు, కక్కేస్తే పోతుంది" అంటోంది. ఇంకెవరో నోట్లో వేలు పెట్టమంటున్నారు. అమ్మ వాణ్ణి ఒళ్ళో వేసుకుని నోరు తెరవబోతోంది. సరిగ్గా అప్పుడు మా ఊరి ఆర్‌ఎంపీ డాక్టరుగారు సైకిలు దిగారు. ఎవరు పరుగెత్తుకెళ్ళి పిలుచుకొచ్చారో ఇప్పటికీ తెలియదు. ఆయన లుంగీ మీదే ఉన్నారు. లోపలికి వస్తూనే, "మామ్మగారూ, ఆ గ్లాసు అవతల పెట్టండి. వాంతి చేయించకండి. ఎవరూ చేయించకండి" అని అరిచినంత పని చేశారు. ఆయన గొంతెత్తడం మేము ఎప్పుడూ వినలేదు.

కిరసనాయిలు కడుపులో ఉన్నంతసేపూ చేసే చెరుపు తక్కువ, అదే ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది, కక్కించడమంటే దాన్ని మళ్ళీ గొంతుదాకా తెచ్చి ఊపిరితిత్తుల్లోకి తోయడమే, అని ఆయన తర్వాత నాన్నకి వివరంగా చెప్పారట. పెద్ద చదువులు చదివిన మనిషి కాదు. కాకినాడలో ఒక డాక్టరుగారి దగ్గర కొన్నేళ్ళు కాంపౌండరుగా చేసి వచ్చారు. అక్కడ నేర్చుకున్న ఆ ఒక్క సంగతి ఆ సాయంత్రం మా తమ్ముణ్ణి కాపాడిందని నేను గట్టిగా నమ్ముతాను. ఆయన వాడి చొక్కా విప్పించి, ఒంటికి అంటిన కిరసనాయిలంతా సబ్బుతో కడిగించారు. గుండె మీద గొట్టం పెట్టి విన్నారు. అప్పటికే వాడు డొక్కలెగరేస్తున్నాడు. లాంతరు దగ్గరగా పట్టుకుంటే, ఊపిరి పీల్చిన ప్రతిసారీ పక్కటెముకల సందులు లోపలికి పోవడం నాకు కనిపించింది. ఈనాటికీ ఏ చిన్నపిల్లకి జలుబు చేసినా నా చూపు ముందు డొక్కల మీదికే వెళ్తుంది.

"కాకినాడ పెద్దాసుపత్రికి పట్టుకెళ్ళిపోండి. తెల్లారేదాకా ఆగొద్దు" అన్నారాయన.

కాకినాడ వెళ్ళాలంటే రేవు దాటాలి. మా చిన్నతనంలో ఆసుపత్రి అంటే ముందు గుర్తొచ్చేది డాక్టరు కాదు, రేవే. పంటు ఆఖరి ట్రిప్పు అయిపోయి ఉంటుంది. నావ దొరకాలి. గాలీ నీరూ అనుకూలించాలి. అవతల ఒడ్డున ఏదో ఒక బండి దొరకాలి. ఇన్ని దాటితే అప్పుడు ఆసుపత్రి. నాన్న వాణ్ణి భుజాన వేసుకుని చీకట్లో గట్టు మీద పరుగులాంటి నడక. వెనక అమ్మ. అమ్మ చీర కుచ్చెళ్ళు పట్టుకుని నేను. నన్ను ఇంట్లో వదిలి రమ్మని ఎవరో అన్నారు గానీ నా పిడికిలి విడిపించే తీరిక అప్పుడు ఎవరికీ లేదు. డాక్టరుగారు టార్చిలైటు పట్టుకుని రేవుదాకా వచ్చారు.

పంటు కట్టేసి ఉంది. నాన్న నీళ్ళ అంచున నిలబడి కేక వేశారు. ఇసుకలో బోర్లించిన నావ పక్కన దుప్పటి కప్పుకుని పడుకున్న పెద్దమనిషి లేచి, "ఆయ్, ఎవరండీ" అన్నాడు. "పిల్లాడు కిరసనాయిలు తాగేశాడయ్యా" అన్నారు నాన్న. ఆయన ఇంకో మాట అడగలేదు. దుప్పటి అక్కడే పడేసి, ఇద్దరు కుర్రాళ్ళని లేపి, నీళ్ళలో కట్టి ఉన్న నావ విప్పాడు. నావలో ఒక లాంతరు వెలుగుతోంది. దాని వాసనకి తమ్ముడు మళ్ళీ దగ్గాడు. ఆయన గమనించి, లాంతరు ఆర్పేసి నావ చివర పెట్టేశాడు. అలా చీకట్లోనే గోదారి దాటాం. గెడ నీళ్ళలో దిగే చప్పుడు, తమ్ముడి గుర్రు, అమ్మ పెదాల మీద శివనామం. అవతల ఒడ్డున కార్తీక దీపాలు వరసగా కనబడుతున్నాయి. నావ ఎంత నడిచినా అవి దగ్గరికి రావడం లేదనిపించింది.

సోమవారం కావడం మా అదృష్టం. కోటిపల్లి గుడి దగ్గర కాకినాడ నుంచి దర్శనానికి వచ్చిన ఒక కుటుంబం వాళ్ళు జీపు ఎక్కబోతున్నారు. మావాళ్ళు చెప్పేది సగం వినేసరికే వాళ్ళలో ముగ్గురు మగవాళ్ళు దిగిపోయారు, మేము తర్వాత బస్సులో వస్తాం మీరు వెళ్ళండి అని. ద్రాక్షారామం, రామచంద్రపురం మీదుగా కాకినాడ. ముందు సీట్లో ఒక పెద్దావిడ తన శాలువ తీసి తమ్ముడికి కప్పింది. వాళ్ళెవరో, పేర్లేమిటో, ఆ గాబరాలో మేము అడగనేలేదు. ఆ శాలువ మా ఇంట్లోనే ఉండిపోయింది. అమ్మ ఇప్పటికీ దాన్ని ఎండలో వేసి మడతపెట్టి దాస్తుంది.

క్యాజువాలిటీలో ఒక కుర్ర డాక్టరు వాడి నోటి దగ్గర వాసన చూసి, అడిగిన మొదటి మాట, "వాంతి చేయించారా?" అని. "లేదండీ, మా ఊళ్ళో డాక్టరుగారు వద్దన్నారండీ" అన్నారు నాన్న. ఆయన తలూపి, "చాలా మంచి పని చేశారాయన" అన్నారు. ఎక్స్‌రే తీశారు. కుడివైపు కింది భాగంలో తెల్లగా కమ్మినట్టు ఉందని చూపించారు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టారు. రెండో రోజు జ్వరం వచ్చింది, మూడో రోజు తగ్గింది, ఐదో రోజు ఇంటికి పంపించారు.

మంగళవారం మధ్యాహ్నం పక్క మంచం వాళ్ళ అమ్మమ్మగారు అమ్మ మొహం చూసి, "ఏం తిన్నావమ్మా?" అని అడిగింది. అప్పుడు గుర్తొచ్చింది అమ్మకి, సోమవారం తెల్లారినప్పట్నుంచీ తను ఏమీ తినలేదని. ఆవిడ ఒక చక్కెరకేళీ పండు ఒలిచి చేతిలో పెట్టింది. అమ్మ తమ్ముడి వైపు చూసింది. వాడు ఆక్సిజన్ గొట్టం పీకేసుకోబోతున్నాడు. వాడి చెయ్యి పట్టుకుని ఆపి, అప్పుడు తిన్నది.

నువ్వేం చేస్తున్నావే అని నన్ను ఎవరూ అడగలేదు. ఆ రోజే కాదు, ఎప్పుడూ అడగలేదు. మామ్మ మాత్రం బతికినన్నాళ్ళూ "సీసా కింద పెట్టింది నేనే" అనుకుంటూనే ఉంది. నా వంతు నేను లోపలే మోశాను. పెళ్ళయి, పిల్లలు పుట్టాక ఒక రాత్రి అమ్మతో చెప్పాను, ఆ రోజు అరటి దొప్పల మీద పడి వాణ్ణి చూసుకోలేదని. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏడేళ్ళ పిల్లకి రెండేళ్ళ పిల్లాణ్ణి అప్పజెప్పింది నేను కదా" అంది. మేము ముగ్గురం ఎవరి మటుకు వాళ్ళం అన్నేళ్ళు అదే బరువు మోస్తున్నామని ఆ రాత్రి తెలిసింది.

నావ దాటించినాయనకి నాన్న ఏటా సంక్రాంతికి కొత్త బియ్యం పంపించేవారు. మేము రేవులో కనబడితే చాలు, జనంలోంచి తొంగి చూసి, "కిరసనాయిలు బాబు ఏడండీ?" అని అడిగేవాడు. తమ్ముడు హైస్కూలుకి వచ్చాక కూడా ఆయనకి వాడు కిరసనాయిలు బాబే.

మా ప్రాంతంలో పిల్లల గండాల్లో సగం నీళ్ళతోనే. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పట్నుంచీ గోదారి కాలువలై, బోదెలై ప్రతి ఊళ్ళోకీ వచ్చింది. మాకు తిండి పెట్టింది ఆ నీళ్ళే. ఇంటి ముందు కాలువ, వెనక చెరువు, పొలం చుట్టూ బోదె. నడక వచ్చిన పిల్లవాడు నాలుగడుగులు ఎటు వేసినా నీళ్ళే.

ఏటా వేసవిలో కాలువలు కట్టేసేవారు. నీళ్ళు తీసేసిన కాలువలో మేము ఆడుకునేవాళ్ళం, గుంటల్లో మిగిలిన నీళ్ళలో చేపలు పట్టేవాళ్ళం. ఆ రెండు నెలల్లోనే పెద్దవాళ్ళు ఇళ్ళ అరుగులకీ, పెరడు మెరకకీ కాలువలో మట్టి తవ్వుకుపోయేవారు. జూన్‌లో కాలువ వదిలారన్న కబురు రాగానే పిల్లలందరం గట్టు మీదికి పరుగు. ముందు నురగ వచ్చేది, వెనక చెత్తా చెదారం, ఆ వెనక నీళ్ళు. అడుగున ఎక్కడెక్కడ గోతులున్నాయో ఆ కొత్త నీటి కింద కనిపించేది కాదు. నెల కిందట మోకాలి లోతు కూడా లేదని కాలికి గుర్తున్న చోట ఇప్పుడు నిలువు లోతు గొయ్యి. పిల్లలు మునిగింది ఎక్కువ ఆ కొత్త నీళ్ళ రోజుల్లోనే.

మా పెదనాన్నగారి చిన్నవాడు అలాగే మునిగాడు, వాడికి ఐదేళ్ళప్పుడు. రేవు మెట్టు మీద నాచుకి కాలు జారింది. అరుపు లేదు, కొట్టుకోవడం లేదు. నీళ్ళలో మునిగే పిల్లలు అరవరన్నది నేను కళ్ళారా చూసిన నిజం. బట్టలుతుకుతున్న ఆవిడ ఒకరు నీళ్ళ మీద జుట్టు తేలడం చూసి దూకి, ఆ జుట్టే పట్టుకుని లాగింది. గట్టు మీదికి తెచ్చేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. జనం చేసే పని అప్పట్లో ఒకటే. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఊపడం, లేదా బోర్లించిన కుండ మీద పొట్ట ఆన్చి నొక్కడం. అప్పటికే ఎవరో కుండ తెచ్చారు. మిలటరీలో చేసి వచ్చిన ఒకాయన జనాన్ని తోసుకుంటూ వచ్చి, కుండ లాగేసి, వాణ్ణి గట్టు మీద వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊదారు. ఒకసారి, రెండుసార్లు, ఇంకా ఎన్నిసార్లో. పొట్టలో నీళ్ళు కక్కించడం కాదు, లోపలికి గాలి పంపించడమే ముందు చేయాల్సిందని మా ఊరికి ఆ రోజు తెలిసింది.

వాడు దగ్గాడు. నీళ్ళు కక్కాడు. ఏడ్చాడు. పెద్దమ్మ వాడి పక్కన బురదలో కూర్చుని, "ఏడు నాయనా, ఇంకా ఏడు, ఆపకు" అంటోంది. బిడ్డని ఏడవమని తల్లి బతిమాలడం నేను విన్నది అదొక్కసారే.

లేచి కూర్చున్నాడు కదా అని ఇంటికి తీసుకెళ్ళబోతుంటే ఆ మిలటరీ ఆయనే వద్దని, అమలాపురం ఆసుపత్రికి పంపించారు. ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోయినవాడికి కొన్ని గంటల తర్వాత కూడా ఆయాసం రావచ్చట. వాడికి ఆ రాత్రి నిజంగానే వచ్చింది. ఆసుపత్రిలో ఉన్నాడు కాబట్టి ఆక్సిజన్ అందింది.

నా వంతు గండం సంక్రాంతికి వచ్చింది. అరిసెల పాకం. గాడిపొయ్యి మీద పెద్ద గుండిగలో బెల్లం ఉడుకుతోంది. అత్తయ్య గరిటెతో పాకం తీసి నీళ్ళ పళ్ళెంలో వేసి, ఉండ కట్టిందో లేదో చూస్తోంది. ఆ ఉండ కోసం నేను చెయ్యి చాచాను, అదే క్షణాన అత్తయ్య గరిటె తిప్పింది. వేడినీళ్ళు పడితే జారిపోతాయి. పాకం జారదు, అంటుకుని అక్కడే కాలుస్తూ ఉంటుంది. ఎడమ ముంజేతి మీద జానెడు మేర. ఎవరో గుడ్డతో తుడిచారు, దాంతోపాటు తోలు వచ్చేసింది. ఇంకెవరో సిరా పోయమన్నారు. చివరికి సున్నపు తేటలో కొబ్బరినూనె గిలకొట్టి రాశారు. నొప్పి తగ్గాలని అందరూ ఆరాటపడ్డవాళ్ళే. కానీ పెరట్లో నిండా నీళ్ళున్న గోలెం ఉంది, పది అడుగుల దూరంలో బోరింగు ఉంది. కాలిన చేతిని ఇరవై నిమిషాలు ధారగా పడే చన్నీళ్ళ కింద పెట్టాలని ఆ ఇంట్లో ఒక్కరికి తెలిసి ఉన్నా మచ్చ ఇంత పెద్దదయ్యేది కాదేమో. మొన్న పక్క ఫ్లాటు పాప మీద టీ ఒలికితే, వాళ్ళమ్మ టూత్‌పేస్టు కోసం వెతుకుతుంటే, నేను పాపని ఎత్తుకుని కుళాయి దగ్గరికి పరుగెత్తాను. ఇరవై నిమిషాలు గడియారం చూసి పెట్టించాను. పాప గుక్కపట్టి ఏడ్చింది. తుడిచే పనే లేదు, బొబ్బలు కూడా పెద్దగా రాలేదు.

చిన్న చిన్నవి ఎన్నో. మా క్లాసు పిల్ల ముక్కులో చింతపిక్క పెట్టుకుని ఎవరికీ చెప్పలేదు. రెండు రోజులకి అది నాని ఉబ్బి, చీము వాసన వస్తే గానీ తెలియలేదు. పిచ్చికుక్క కరిచిన మా బావకి బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు, రోజుకొకటి. పద్నాలుగు రోజులూ మావయ్య వాణ్ణి రేవు దాటించి తీసుకెళ్ళి తీసుకొచ్చారు. ఇప్పుడు ఆ బాధ లేదు, చేతికి నాలుగైదు డోసులతో అయిపోతోంది. గాటుని వెంటనే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా టీకా వేయించుకోవాలి, అంతే. జామచెట్టు మీంచి పడ్డ మరొకడికి కట్టు కట్టేవాళ్ళు గుడ్డు సొన, మినప్పిండి పట్టించి వెదురు బద్దలు బిగించారు. తెల్లారేసరికి వేళ్ళు నల్లబడి చల్లగా అయిపోయాయి. మా ఆర్‌ఎంపీ డాక్టరుగారే వచ్చి కట్టు కోసేశారు. ఇంకో పూట ఆలస్యమైతే చెయ్యి పోయేదన్నారు.

అందరూ దక్కలేదు. ఇది రాయకుండా దాటేయడం నాకు చేతకావడం లేదు. మా వీధి చివర ఇంట్లో ఒక పాప ఉండేది, నాకంటే ఏడాది చిన్న. వానాకాలం, ఇంట్లో అందరూ చాపలేసుకుని నేల మీద పడుకునేవారు. అర్ధరాత్రి లేచి కడుపులో నొప్పి అంది. వాము నమిలించి పడుకోబెట్టారు. తెల్లారుతుండగా కళ్ళు తెరవలేకపోతోంది. నిద్రమత్తు అనుకున్నారు. రెప్పలు పైకెత్తలేకపోతోందని, మాట ముద్దగా వస్తోందని తెలిసేసరికి, చాప మడత కింద కట్లపాము కనిపించింది. కట్లపాము కరిస్తే పెద్ద నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా సరిగ్గా కనబడదు. ముందు మంత్రం వేసే చోటికి తీసుకెళ్ళారు. అక్కడ గంట గడిచింది. తర్వాత రేవు. అప్పుడు వరద రోజులు, పంటు ఆపేశారు, నావ నడిపేవాళ్ళు కూడా భయపడ్డారు. ఆ పాప అవతలి ఒడ్డు చేరలేదు. విషానికి విరుగుడు ఇంజక్షను అప్పటికీ ఉంది. పాపకీ దానికీ మధ్య ఉన్నది ఒక గంట మంత్రం, ఒక గోదారి. ఆ తల్లి తర్వాత ఏ వానాకాలమూ పిల్లల్ని నేల మీద పడుకోనివ్వలేదు. మా వీధిలో ఎవరింట్లోనూ పడుకోనివ్వలేదు. సంధ్యవేళ ఇంటింటికీ వచ్చి, మంచాలు వేశారా, దోమతెర పరుపు కిందికి దోపారా అని అడిగేది. ఆవిడ వచ్చే వేళకి అందరం మంచాలు వాల్చి ఉంచేవాళ్ళం.

తర్వాత కాలం మారింది. యానాం - ఎదుర్లంక వంతెన 2002లో వచ్చింది, అమలాపురం నుంచి కాకినాడకి రేవు లేకుండా సూటిగా వెళ్ళడం మొదలైంది. 2005 ఆగస్టు 15న 108 మొదలైంది. మొదటిసారి ఆ బండి మా ఊరి గట్టు మీద కూత వేసుకుంటూ పోతుంటే అమ్మ అరుగు మీద నిలబడి అది కనుమరుగయ్యేదాకా చూసింది. ఎవరింటికో, ఎవరికి ఎలా ఉందో తెలియదు. అయినా దణ్ణం పెట్టింది.

2016 వేసవి సెలవులకి నేను పిల్లల్తో అమలాపురంలో తమ్ముడి ఇంటికి వెళ్ళాను. వాడి కూతురికి అప్పుడు ఏడాదిన్నర. పొద్దున్న అన్నం పెడుతుంటే మింగడం లేదు. చొల్లు ధారగా కారుస్తోంది. పళ్ళొస్తున్నాయేమో అనుకున్నాం. తమ్ముడు మాత్రం అనుకోలేదు. గదంతా కలియజూసి, మంచం కింద పడున్న చిన్న రిమోటు తీశాడు. వెనక మూత లేదు. లోపల ఉండాల్సిన బిళ్ళ బ్యాటరీ లేదు. వాడి మొహంలో రంగు పోవడం చూశాను. మరదలు అరటిపండు పెట్టి చూద్దామా, దాంతోపాటు దిగిపోతుందేమో అంది. పక్కింటివాళ్ళు వేలు పెట్టి కక్కిద్దాం అన్నారు. "ఎవరూ ఏమీ చేయొద్దు" అన్నాడు తమ్ముడు. కారు తాళాలు తీసుకున్నాడు.

ముమ్మిడివరం, మురమళ్ళ, ఎదుర్లంక. వెనక సీట్లో పాప నా ఒళ్ళో ఉంది, నా భుజం మీద చొల్లు వెచ్చగా కారుతోంది. వంతెన మీదికి ఎక్కాక కింద గౌతమిలో ఒక నావ గెడ వేసుకుంటూ పోతోంది. మేము దాన్ని దాటేశాం. వంతెన అయిపోయేదాకా తమ్ముడు ఒక్క మాట మాట్లాడలేదు. యానాం వచ్చాక, "అక్కా, ఊపిరి ఎలా ఉంది?" అని అడిగాడు. పాప గౌను పైకెత్తి చూశాను. డొక్కలు ఎగరడం లేదు. "బాగానే ఉందిరా" అన్నాను.

కాకినాడలో ఎక్స్‌రే తీశారు. గొంతు కింద, అన్నవాహికలో గుండ్రంగా తెల్లటి బిళ్ళ. రూపాయి బిళ్ళ కూడా అలాగే కనబడుతుందట. డాక్టరమ్మ దాన్ని పెద్దది చేసి అంచు చూపించింది. ఒక వలయం, దాని లోపల ఇంకో వలయం. "నాణెం కాదమ్మా, బ్యాటరీయే. నాణెమైతే కాస్త ఆగొచ్చు, ఇది ఆగకూడదు. తడి తగలగానే కరెంటు పుట్టి ఆ చోట కాల్చేస్తుంది, రెండు గంటల్లోనే పుండు పడొచ్చు" అంది. మత్తిచ్చి, నోట్లోంచి గొట్టం పంపి తీశారు. బయటికి తెచ్చి స్టీలు గిన్నెలో చూపించారు. నా బొటనవేలి గోరంత ఉంది. ఒకవైపు మెరుస్తోంది, రెండోవైపు నల్లగా మాడి, దానికి చిన్న తెల్లటి పొర అంటుకుని ఉంది. అది పాప లోపలి తోలు అని తెలిసి తమ్ముడు గోడకి ఆనుకున్నాడు. లోపల కొంచెం కాలింది గానీ రంధ్రం పడలేదని, కొన్నాళ్ళు మెత్తటివే పెట్టాలని, మళ్ళీ లోపల చూడాలని చెప్పారు.

అమ్మ ఊళ్ళోనే ఉంది. పొద్దున్నే మరదలు ఫోన్ చేసి చెప్పేసింది, ఆపుకోలేక. పాప మత్తులోంచి తేరుకుని తమ్ముడి వేలు పట్టుకున్నాక, అప్పటికి మూడు దాటింది, నేను బయటికొచ్చి ఫోన్ చేశాను. అవతల ఒక్క రింగుకే ఎత్తింది.

"వాంతి చేయించలేదు కదే?" అంది.

"లేదమ్మా. తమ్ముడు ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వలేదు. తీసేశారు. బాగుంది."

కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత కంచం కింద పెట్టిన చప్పుడు.

"సరే అయితే" అంది. "నేను అన్నం తింటాను."